కణముల జాతినిర్ణయము



దమయంతీ స్వయంవర కథ తెలియని యిల్లు తెలుగునాట నుండదు. విదర్భ రాజపుత్రి వరమాల చేతబట్టి మంటపమునకు వచ్చునప్పటికి ఒక్క నలునికి బదులు ఐదుగురు నలులు కూర్చుండియుండిరి. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు, ఈ నలువురును నలుని రూపము దాల్చిరి. మొగము చూచి పోల్చుటకు వీలులేదు. మాట విని పోల్చుటకును వీలులేదు. భారతకథలో దమయంతి దేవతలనే ప్రార్థింపగా వారు తమ లక్షణములను కనబరచిరి. దేవతల పాదములు నేల నంటవు, రెప్పలు వాలవు, చెమట పట్టదు, దండ వాడదు, నీడ పడదు. ఒక్కనికి మాత్రము మేన ధూళి యున్నది, నుదుట చెమట యున్నది, ప్రక్కన నీడ యున్నది. అతడే నలుడని యామె మాల వేసెను. అనగా రూపమును విడిచి, భూమితోడి సంబంధమున నెవరు ఎట్లు ప్రవర్తించుచున్నారో దానిని బట్టి నిర్ణయించెను.

శ్రీనాథుని శృంగార నైషధమున ఈ ఘట్టమే మరియొక విధముగ చిక్కుపడినది. అచ్చట సరస్వతీదేవి ఒక్కొక్కరిని వర్ణించుచు పలికిన మాటలు దేవతకును సరిపోవును, నలునికిని సరిపోవును. శ్లేష చెవికి విందు. నిర్ణయమునకు మాత్రము శత్రువు. ఇరువురికిని సరిపోవు గురుతు గురుతే కాదు. ఈ ఒక్క మాట మనస్సున నుంచుకొన్నచో నేటి ఉపన్యాస విషయము సగము బోధపడినట్లే.

నేటి భౌతికశాస్త్రజ్ఞులకు నిత్యమును ఇట్టి స్వయంవరమే. స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దున జెనీవా నగరము చెంత సెర్న్ అను పరిశోధనాలయము కలదు. అచ్చట భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయమున ప్రోటానులను కాంతివేగమునకు ఇంచుమించు సమానమగు వేగమున రెండు దిక్కుల నుండి నడిపి ఢీకొట్టింతురు. ఆ తాకిడిలో వందలకొలది కణములు పుట్టి నలుదిక్కులకు చెదరును. వానిలో ఎలక్ట్రానులుండును, వెలుగుకణములగు ఫోటానులుండును, ప్రోటానులు, న్యూట్రానులు, పయానులు మున్నగు హాడ్రాను జాతి యుండును, మ్యువానులుండును, న్యూట్రినోలుండును. ఇందే కణమునకును మొగము లేదు. ఎంతటి సూక్ష్మదర్శినితోనైనను చూచి ఇది ఫలానిదని చెప్పుటకు వీలులేదు. అయినను జాతి తెలిసిననే గాని తాకిడిలో ఏమి జరిగినదో తెలియదు. మరి తెలియుట యెట్లు?

దమయంతి చేసినట్లే చేయవలెను. కణమును దట్టమైన పదార్థములో పడనిచ్చి, అది యెట్లు ప్రవర్తించునో చూడవలెను. రాత్రివేళ చేనిలో పడిన జంతువును రైతు చూడలేదు. తెల్లవారి గట్టుమీద నిలిచి చూచి, ఇది ఎద్దు మేత, ఇది పంది త్రవ్వకము, ఇది ఎలుక కొరుకుడు అని చెప్పగలడు. ఎద్దు పైపైన మేయును. పంది నేలను పెళ్లగించును. ఎలుక మొదలంట కొరుకును. పాడైన తీరే పాడు చేసినదాని పేరు చెప్పును. కెలోరిమీటరు అను యంత్రము భౌతికశాస్త్రజ్ఞుడు కావలెనని వేసికొన్న యిట్టి చేను.

ఈ పేరు విని, ఇది వేడిని కొలుచు పరికరమని పాఠశాల చదువు గలవారు తలంతురు. పేరు అందుండియే వచ్చినది గాని పని వేరు. ఒక గ్రాము నీటిని ఒక్క డిగ్రీ వేడిచేయుటకు వలయు శక్తి ఒక కెలోరి. కణముల శక్తిని గిగా ఎలక్ట్రాను వోల్టులలో కొలుతురు. ఒక్క కెలోరికి అట్టివి ఇంచుమించు 2,600 కోట్లు కావలెను. తాకిడిలో పుట్టిన కణమునకు పదులో వందలో యుండును. కావున దాని వేడిని ఏ ఉష్ణమాపకమును చూపలేదు. అందుచేత ఈ యంత్రములో కణము తన శక్తిని వెచ్చించునప్పుడు పుట్టు వెలుగునో విద్యుదావేశమునో కొలుతురు. సోవియట్ శాస్త్రజ్ఞుడు గ్రిగొరొవ్ 1954లో ఇట్టి యంత్రమును ఊహించి, 1957లో పామీరు పర్వతములపై విశ్వకిరణముల పరిశీలనకై తన సహచరులతో నెలకొల్పెను. లోహపు పలకలను వరుసగా పేర్చి, నడుమ నడుమ కొలత సాధనముల నుంచుట ఆ పద్ధతి. పలకలు కణమును వ్యయము చేయించును. నడుమనున్న సాధనములు ఆ వ్యయమును పద్దు వ్రాయును.

ఇక ఒక్కొక్క జాతి నడవడి యెట్టిదో చూడవలెను.

మొదట ఎలక్ట్రాను. ఇది తేలికైనది. మిక్కిలి శక్తితో సీసములో ప్రవేశించినప్పుడు పరమాణు కేంద్రముల సమీపమున దారి వంగి, తన శక్తిలో కొంత ఫోటానుగా విడిచిపెట్టును. ఆ ఫోటాను మరికొంత దూరము పోయి, ఒక ఎలక్ట్రాను, ఒక పాజిట్రాను అను జంటగా మారును. ఆ జంట మరల ఫోటానులను విడుచును. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై కణముల జల్లు కురియును. ఈ జల్లు లెక్కను 1937లో హైట్లరుతో గూడి సాధించినవాడు మన దేశపు హోమీ భాభా. అదే సంవత్సరమున అమెరికాలో కార్ల్‌సన్, ఓపెన్‌హైమరులును స్వతంత్రముగ ఆ లెక్క చేసిరి. అప్పటికి ఈ కణములు విశ్వకిరణములలోనే దొరకుచుండెను. యంత్రములలో పుట్టుట లేదు. అయినను నేటి ఎలక్ట్రాను కెలోరిమీటరులన్నిటికిని పునాది ఆ లెక్కయే.

దాని ఫలితము వినదగినది. సీసములో ఈ వ్యయమునకు ప్రమాణమైన దూరము 0.56 సెంటీమీటరు. 100 గిగా ఎలక్ట్రాను వోల్టుల ఎలక్ట్రాను ప్రవేశించినచో దాదాపు 5 సెంటీమీటర్ల లోతున జల్లు మిక్కిలి దట్టమగును. అటుపై కణములు శక్తి చాలక ఒక్కొక్కటియే ఆగిపోవును. శక్తి రెట్టింపైనను ఆ లోతు రెట్టింపు కాదు. మరి నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. ఏలయన శక్తి రెట్టింపైన, రెట్టింపగు మెట్లలో ఒక్క మెట్టు మాత్రమే యెక్కువగును. కావున ఎంతటి ఎలక్ట్రానునైనను పట్టుటకు మూరెడు మందము చాలును. జల్లు అడ్డముగ కూడ అంతగా వ్యాపింపదు. సన్నగా, నియమముగా, ప్రతిసారియు ఇంచుమించు ఒక్క తీరున నుండును. ఫోటానుదియు ఇదే నడవడి. అది మొదట జంటయై, పిదప ఎలక్ట్రాను వలెనే జల్లు కురియును.

హాడ్రానుల తీరు వేరు. పయాను ఎలక్ట్రాను కంటె 270 రెట్లు బరువైనది. తేలికగా ఫోటానులను విడువదు. అది పరమాణు కేంద్రమును స్వయముగ తాకవలెను. సీసములో అట్టి తాకిడికి సగటున 17 సెంటీమీటర్లకు పైగా పోవలెను. ఎలక్ట్రానుకు చెప్పిన దూరమునకు ఇది ముప్పది రెట్లు. తాకినప్పుడు కేంద్రము పగిలి, ప్రోటానులు, న్యూట్రానులు, క్రొత్త పయానులు వెడలును. వానిలో విద్యుదావేశము లేని పయాను తోడనే రెండు ఫోటానులై చిన్న ఎలక్ట్రాను జల్లును పుట్టించును. తక్కినవి మరికొంత లోతున మరల తాకును. కేంద్రమును పగులగొట్టుటకు పోయిన శక్తి వెలుగుగానో ఆవేశముగానో మరల కానరాదు. అందుచే హాడ్రాను జల్లు లోతుగా, వెడల్పుగా, అస్తవ్యస్తముగా నుండి, ఒకసారి యున్నట్లు మరియొకసారి యుండదు. అసలు శక్తి కంటె కొలతలో తక్కువ కనబడుట దానికి సహజము. ఎలక్ట్రాను జల్లు నాటు వేసిన మడి. హాడ్రాను జల్లు గాలివాన పడిన తోట.

మ్యువాను మరియొక తెగ. ఇది ఎలక్ట్రానుకు అన్నివిధముల పోలికయే గాని 207 రెట్లు బరువు. బరువుచేత ఫోటానులను విడువదు; హాడ్రాను కానందున కేంద్రములతో కలహింపదు. ఒక మీటరు ఇనుమును దాటియు ఒక గిగా ఎలక్ట్రాను వోల్టుకు కొంచెము పైగా మాత్రమే చెల్లించి బయటపడును. ఇక న్యూట్రినో ఏమియు చెల్లింపదు. వచ్చినట్లును తెలియదు, పోయినట్లును తెలియదు.

ఈ నడవడి భేదము తెలియక శాస్త్రలోకము పదియేండ్లు పొరబడిన వృత్తాంతము కలదు. 1935లో జపాను శాస్త్రజ్ఞుడు యుకావా, పరమాణు కేంద్రమును బంధించియుంచు ఒక కణము ఉండవలెనని, దాని బరువు ఎలక్ట్రానుకు సుమారు 200 రెట్లని ఊహించెను. 1936, 1937 సంవత్సరములలో నెడ్డర్‌మేయరు, ఆండర్సను విశ్వకిరణములలో ఒక కణమును గుర్తించిరి. వారు ఒక సెంటీమీటరు ప్లాటినము పలకను అడ్డము పెట్టి, ఎలక్ట్రానులు అందులో తమ శక్తిలో పెద్దభాగమును పోగొట్టుకొనగా, మరియొక తెగ మాత్రము దాదాపు ఏమియు పోగొట్టుకొనక సాగుట చూచిరి. దాని బరువు యుకావా చెప్పినదానికి దగ్గరగా నుండెను. ఇంకేమి, యుకావా కణము దొరకినదని పలువురు తలచిరి. రూపము సరిపోయినది, నడవడి సరిపోలేదు. యుకావా కణమైనచో కేంద్రములను చూచి ఊరకుండరాదు. 1947లో ఇటలీ శాస్త్రజ్ఞులు కాన్‌వెర్సి, పాంచీని, పిచ్చోని ముగ్గురును, ఋణావేశము గల ఆ కణములు కర్బనములో ఆగినప్పుడు కేంద్రములచే గ్రహింపబడక తమంతట తాము నశించుచున్నవని చూపిరి. అదే సంవత్సరమున పవెల్, ఒక్యలీని, లట్టెస్ మున్నగువారు ఫోటోగ్రాఫు పూతలలో నిజమైన యుకావా కణమగు పయానును, అది మ్యువానుగా మారుటను కనుగొనిరి. పదియేండ్లపాటు దండ వేయబడినది నలునికి గాదు. బరువొక్కటే చూచి నిర్ణయించుటచేత వచ్చిన చిక్కు ఇది.

అందుచే నేటి యంత్రములలో ఒక్క సాక్షితో తృప్తి చెందరు. మొదట, తాకిడి చోటునకు చేరువగా, అయస్కాంత క్షేత్రములో కణము నడచిన జాడ తీయు పరికరములుండును. ఆవేశము గల కణము వంకరజాడ విడుచును. వంపును బట్టి దాని వేగబలము తెలియును. ఫోటాను జాడ విడువదు. దాని వెనుక ఎలక్ట్రాను కెలోరిమీటరు, దాని వెనుక హాడ్రాను కెలోరిమీటరు, అన్నిటికిని వెలుపల మ్యువానుల పరికరములు. జాడయుండి, మొదటి కెలోరిమీటరులోనే సన్నని జల్లుగా ముగిసిన అది ఎలక్ట్రాను. జాడ లేక అట్లే ముగిసిన ఫోటాను. మొదటిదానిని దాటి రెండవదానిలో చెదరిన హాడ్రాను. రెండును దాటి బయటపడిన మ్యువాను. వినుటకు ఇది యెంత సులువు! పరీక్ష కాగితమున వ్రాయుటకు ఇంతమాత్రము చాలును. నిజమైన కష్టము ఇచ్చటనే మొదలగును.

తర్కశాస్త్రము చదివినవారు పొగను చూచి నిప్పును ఊహించు విధానము నెరుగుదురు. పొగవలె కనిపించు మంచును చూచి నిప్పనుకొనుట హేత్వాభాసము. కెలోరిమీటరులో ఇట్టి మంచు దండిగా కలదు. ఆవేశము గల పయాను మొదటి కెలోరిమీటరులో ఒకానొకప్పుడు కేంద్రమును తాకి, తన ఆవేశమును దానికి మార్చి, తన శక్తినంతయు ఆవేశము లేని పయానుకు ఇచ్చివేయును. అది రెండు ఫోటానులగును. అప్పుడు ముందు జాడ యున్నది. వెనుక సన్నని ఎలక్ట్రాను జల్లున్నది. హాడ్రాను కెలోరిమీటరు ఖాళీగా నున్నది. ఎలక్ట్రానుకు చెప్పిన గురుతులన్నియు నున్నవి. ఎలక్ట్రాను మాత్రము లేదు. ఇది శ్రీనాథుని సరస్వతి పలికిన శ్లేష వంటిది.

ఇచ్చట సాక్ష్యమును గూర్చిన ఒక సూక్ష్మము కలదు. శాస్త్రజ్ఞులు మూడు గురుతులను చూతురు: జల్లు ఆకారము, వెనుకటి కెలోరిమీటరుకు చేరిన పాలు, జాడవలన తెలిసిన వేగబలమునకును కెలోరిమీటరు పద్దు వ్రాసిన శక్తికిని గల సామ్యము. ఎలక్ట్రాను తన సర్వస్వమును అచ్చటనే చెల్లించును గనుక ఈ రెండు అంకెలును ఒకటి కావలెను; పయాను విషయమున సామాన్యముగ పద్దు తక్కువగును. ఒక గురుతు నూటికి ఒకసారి మోసపోవుననుకొనుడు, మరియొకటియు అంతే యనుకొనుడు. రెండును పరస్పర సంబంధము లేని సాక్షులైన యెడల, రెండును కలిసి మోసపోవుట పదివేలకు ఒక్కసారి. కాని పైన చెప్పిన ఆవేశపు మార్పిడిలో ఆకారమును మోసపోవును, ఖాళీయైన వెనుక గదియు మోసపోవును, శక్తి సామ్యమును మోసపోవును. ముగ్గురు సాక్షులును ఒకే యింటివారు; ముగ్గురికి నేర్పిన మాట యొక్కటియే. అట్టి ముగ్గురును ఒక్క సాక్షి క్రిందనే లెక్క. కావున సాక్షుల సంఖ్యను గాక, వారి స్వాతంత్ర్యమును విచారింపవలెను.

ఫోటానునకు మరియొక మాయ గలదు. ఆవేశము లేని పయాను పుట్టిన మరుక్షణముననే రెండు ఫోటానులుగా విడిపోవును. పయాను మిక్కిలి వేగముగ నున్నప్పుడు ఆ రెండును ఇంచుమించు ఒకే దారిని పోవును. 40 గిగా ఎలక్ట్రాను వోల్టుల పయాను విడిపోయినచో, ఒకటిన్నర మీటరు దూరమున ఆ రెండు ఫోటానుల యెడము ఒక సెంటీమీటరు వరకు తగ్గిపోవచ్చును. ముతక కంటికి అది ఒక్క ఫోటానే. సెర్న్‌లోని అట్లాస్ అను పరికరములో సీసపు పలకలను హార్మోనియము తిత్తివలె మడతలు మడతలుగా పెట్టి, నడుమ సున్నకు దిగువ 185 డిగ్రీల చలిలో ద్రవరూపమున నున్న ఆర్గానును నింపిరి. దాని మొదటి పొరను అర సెంటీమీటరుకు లోపలి వెడల్పు గల పట్టీలుగ చీల్చిరి. ఒక్క ఫోటాను వచ్చిన ఒక్క శిఖరము, రెండు వచ్చిన రెండు శిఖరములు ఆ పట్టీలలో కనబడుటకు ఈ యేర్పాటు.

సి.ఎం.ఎస్. అను రెండవ పరికరమువారు వేరు మార్గము పట్టిరి. వారు సీసము, టంగ్‌స్టను, ఆమ్లజనిల సమ్మేళనమగు 75,848 స్ఫటికములను పేర్చిరి. స్ఫటికము గాజువలె తేటగా నుండును. ఇనుము కంటె బరువు. నడిమి భాగపు స్ఫటికము ముందు మొగము 22 మిల్లీమీటర్ల చదరము. పొడవు 23 సెంటీమీటర్లు. శక్తిని అతి నిశితముగ కొలుచుట వారి బలము. దాని వెనుక హాడ్రాను కెలోరిమీటరుకు ఇత్తడి పలకలు వాడిరి. రెండు కొనలయందలి పలకలకు వలసిన యిత్తడిని రష్యా నౌకాదళపు పాత ఫిరంగి గుండ్ల తొడుగులను కరగించి తీసిరి. యుద్ధమునకు పోసిన లోహము విద్యకు వచ్చినది. పెద్ద అయస్కాంతమునకు వెలుపల, ఆలస్యముగ ముగియు హాడ్రాను జల్లుల తోకను పట్టుకొను పొర యొకటి కలదు. దానిని నిర్మించినవారు భారతీయులు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయు, చండీగఢ్ లోని పంజాబు విశ్వవిద్యాలయమును ఆ పనికి పూనుకొనిరి. ఆ టాటా సంస్థను 1945లో స్థాపించినది జల్లుల లెక్క చెప్పిన భాభాయే. లెక్క చెప్పినవాని యింటనుండియే, ఆ జల్లు దాటిపోకుండ తుది గట్టును వచ్చినది.

ఇంత శ్రమయు ఎందులకని ప్రశ్నింపవచ్చును. దీనికి మూడు సంవత్సరములు సమాధానము: 1983, 1984, 2012.

తాకిడికి ముందు ప్రోటానులు ఎదురెదురుగ వచ్చును. అడ్డదిక్కున వేగబలము సున్న. తరువాత వెడలిన కణముల అడ్డపు వేగబలములను దిక్కులతో గూడ కూడినను సున్నయే రావలెను. జమకును ఖర్చునకును సరిపోవలసిన చిట్టా ఇది. సరిపోనిచో ఏదో పద్దుకెక్కక పోయినదన్న మాట. 1983లో సెర్న్‌లోని యు.ఎ.1, యు.ఎ.2 అను రెండు బృందములు డబ్ల్యూ అను కణమును కనుగొన్నది ఈ మార్గముననే. ఒక ప్రక్క కెలోరిమీటరులో చక్కని ఎలక్ట్రాను; ఎదుటి ప్రక్క ఏమియు లేదు. తప్పిపోయినది న్యూట్రినో. ఎలక్ట్రాను ఎలక్ట్రానేయని నమ్మకముగ చెప్పగలుగుటచేతనే ఆ లేని పద్దును న్యూట్రినో పేర వ్రాయుట సాధ్యమైనది. మరుసటి యేట రూబియా, వాన్ డెర్ మీరులకు నోబెల్ బహుమతి లభించెను.

ఆ 1984లోనే యు.ఎ.1 బృందము మరికొన్ని విచిత్రమైన తాకిడులను ప్రకటించెను. ఒక ప్రక్క హాడ్రానుల గుంపు ఒక్కటి. ఎదుట పెద్ద మొత్తము లోటు. ఎవరును ఎరుగని క్రొత్త కణము పద్దుకెక్కక తప్పించుకొనుచున్నదని పలువురు సిద్ధాంతవేత్తలు ఉత్సాహపడిరి; వ్యాసములు వెలువడెను. తరువాత మరిన్ని తాకిడులు చేరి, తెలిసిన కణములు ఒక్కొక్కటి ఎంతెంత లోటును చూపగలవో ఓపికతో లెక్కింపగా, ఒకటి కొంత, మరియొకటి కొంత కలిసి ఆ లోటంతయు తీరిపోయెను. క్రొత్త కణము లేదు. వారి యంత్రము అబద్ధమాడలేదు, వారును అబద్ధమాడలేదు. మంచు ఎంతయుండునో సరిగ లెక్కింపక మునుపే నిప్పు మాట వచ్చినది. చిట్టాలో లోటు కనబడినంత మాత్రమున దొంగ పడెనని కేక వేయరాదు. పాత పద్దులన్నియు తిరుగవేసిన పిదప మిగిలినదే లోటు.

ఆ పాఠము వృథా కాలేదు. 2012 జూలై 4వ తేదీన అట్లాస్, సి.ఎం.ఎస్. బృందములు హిగ్స్ జాతికణము దొరకినదని ప్రకటించినప్పుడు, ముఖ్యసాక్ష్యములలో ఒకటి రెండు ఫోటానులు. హిగ్స్ కణము వేయింట రెండు సారులు మాత్రమే రెండు ఫోటానులుగ మారును. వాని శక్తులను, నడుమ కోణమును కొలిచి లెక్కించినచో 125 గిగా ఎలక్ట్రాను వోల్టుల వద్ద కొద్దిపాటి ఉబ్బు కనబడును. నిజమైన ఫోటానుకు వేలకొలది రెట్లు హాడ్రానుల గుంపులు అచ్చట పుట్టుచుండగా, వానిలోని పయానులు ఫోటాను వేషము వేసికొని ఈ లెక్కలో దూరినచో ఆ ఉబ్బు మునిగిపోవును. పట్టీలుగ చీల్చిన పొరలు, వేలకొలది స్ఫటికములు ఆనాడు ఫలించెను. వేర్వేరు లోహములతో, వేర్వేరు పద్ధతులతో కట్టిన రెండు యంత్రములు, ఒకరి లెక్క మరియొకరు చూడక, ఒక్క చోటనే ఒక్క మాట చెప్పెను. వారు ఒకే యింటి సాక్షులు కారు.

నిర్ణయమును ఎంత కఠినముగ చేయవలెనన్నది మరియొక ధర్మసంకటము. కఠినము చేసినకొలది వేషధారులు తగ్గుదురు. కాని నిజమైనవారును కొందరు వెలివేయబడుదురు. సడలించినకొలది నిజమైనవారు నిలుతురు; వేషధారులును చేరుదురు. రెండు తప్పులును లేని తీర్పు లేదు. ఉన్నది ఒక్కటే మార్గము: తప్పు ఎంతయో కొలిచి, ఫలితముతో పాటు దానిని గూడ ప్రకటించుట. అందులకు వారు చేయు పని మెచ్చదగినది. యంత్ర భాగములను అమర్చుటకు ముందే, ఎలక్ట్రానులని తెలిసిన ధారను, పయానులని తెలిసిన ధారను వానిపై పంపి, ఏది ఎంత చూపునో చూతురు. ఇది తూకమునకు ముందు తూనికరాళ్లను సరిచూచుట. పిమ్మట జెడ్ అను కణమును సాక్షికి నిలుపుదురు. జెడ్ రెండు ఎలక్ట్రానులుగ, అనగా ఎలక్ట్రాను, పాజిట్రానులుగ మారునప్పుడు మొత్తము 91 గిగా ఎలక్ట్రాను వోల్టులకు చేరవలెను. ఒకదానిని మిక్కిలి కఠినముగ గుర్తించి, మొత్తము 91 వచ్చినదని చూచి, రెండవదియు ఎలక్ట్రానే కావలెనని నిశ్చయింతురు. అప్పుడు తమ గురుతులు ఆ రెండవదానిని పట్టినవో విడిచినవో చూతురు. ఇట్లు లక్షలకొలది సారులు తమ తీర్పును తామే పరీక్షించుకొందురు. నేడు ఈ తీర్పులలో పెక్కింటిని గణకయంత్రములకు నేర్పి చేయించుచున్నారు. అవి పది గురుతులను ఒక్కసారి తూచగలవు, మానవునికంటె చురుకైనవి. అయినను వానికి నేర్పిన ఉదాహరణలలో దోషమున్నచో ఆ దోషమునే అంతే చురుకుగ చేయును. కావున వానిని గూడ జెడ్ ముందు నిలిపి పరీక్షింపక తప్పదు.

పని ముగియలేదు. సి.ఎం.ఎస్. కొనలయందు నిలుపుటకు క్రొత్త కెలోరిమీటరు ఒకటి నిర్మింపబడుచున్నది. దానికి సుమారు 60 లక్షల చిన్న గదులు. ప్రతి గదియు ఎంత శక్తి పడినదో, ఏ క్షణమున పడినదో వేరువేరుగ చెప్పును. అప్పుడు జల్లు మొత్తము ఒక అంకెగా గాక, కొమ్మలు రెమ్మలతో కూడిన చెట్టువలె కనబడును; అది మొదలైన చోటు, చీలిన చోటు, ఆలస్యముగ వచ్చిన న్యూట్రానుల మెల్లని వెలుగు కూడ తెలియును. పైన చెప్పిన శ్లేషలు కొన్ని అప్పుడు విడిపోవును. క్రొత్త శ్లేషలు పుట్టవని మాత్రము ఎవరును చెప్పజాలరు.

ఈ గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగ అలమారలలో భారతమును నైషధమును ఉన్నవి. వాని ప్రక్క తర్కమున్నది. భౌతికశాస్త్ర గ్రంథములును చేరుచున్నవి. పురాణములలో నేటి శాస్త్రమంతయు ముందే యున్నదని చెప్పుట పెద్దలకు గౌరవము కాదు, శాస్త్రమునకు న్యాయము కాదు. నలుని కథ వ్రాసినవారు పయానును ఎరుగరు. వారు ఎరిగినది అంతకంటె పాతది, అంతకంటె అవసరమైనది. పోలిక మోసగించును, నడవడి తెలుపును, ఇరువురికిని సరిపోవు మాటతో తీర్పు చెప్పరాదు. సెర్న్ నేలమాళిగలోని ఇత్తడియు స్ఫటికమును చేయుచున్న పని ఈ మూడు మాటలే. దమయంతి మాల చేతబట్టి క్షణకాలము ఆగెను. ఆ ఆగుటయే విద్య. మాల వేయుట ఎవరికైనను వచ్చును.